పొగాయన ఇంట్లో చీమల గిన్నెలు

ఏంటమ్మా అది, ఆ అలమర కాళ్ళ కింద పెడుతున్నావు? గిన్నెలా? నీళ్ళు పోసినవా? ఓహో, చీమల కోసమా. మందు కొట్టనన్నావుగా మొన్న, చంటిపిల్ల ఉందని. మంచిదే తల్లీ, నేనేం కాదనను. డబ్బా కొనుక్కొచ్చి బుస్సుమని మూలమూలకీ కొట్టేసి, ఇలా ఊడ్చి అలా అదే నేల మీద పిల్లల్ని పాకించే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. నువ్వు ఆ రకం కాదు, నాకు తెలుసు. కానీ ఆ గిన్నెలు తియ్. తియ్యమ్మా ముందు. పారబోసి రా, తర్వాత మాట్లాడదాం. పారబోశావా? ఆఁ. సబ్బునీళ్ళల్లో గుడ్డ ముంచి చీమల బారంతా తుడిచెయ్, వాటికి దారి తెలియకుండా పోతుంది. అవి వచ్చే కన్నం ఆ కిటికీ చెక్క కిందే ఎక్కడో ఉంటుంది, వెతికి దాన్ని మూసెయ్. అంతగా గిన్నెలే పెట్టుకోవాలనుకుంటే నీళ్ళ మీద కాస్త నూనె వెయ్యాలి, రెండ్రోజులకోసారి తీసి గీకి కడగాలి. ఒట్టి నీళ్ళు పోసి మర్చిపోకూడదు. ఎందుకా? కూర్చో చెప్తా. అలా నిలబడి వింటే నాకు కథ రాదు.

మీ తాతయ్యని నువ్వు చూడలేదు. మీ అమ్మమ్మ మొగుడు కాదే, మా ఆయన. మీ అమ్మమ్మ, అదే మా చెల్లెలు, ఎదురుగా బావగారూ బావగారూ అని ఒకటే మర్యాద, వెనకాల మాత్రం పొగబావ అనేది. దాని నోటికి తాళం ఎప్పుడుంది గనక. ఊళ్ళో అందరికీ ఆయన పొగాయనే. మునిసిపాలిటీలో దోమల పొగ కొట్టే పని. భుజాన తగిలించుకునే మిషన్ ఉండేది, ఇంత పొడుగు గొట్టం, స్టార్టు చేస్తే పక్కన పిడుగు పడ్డా వినపడేది కాదు. సాయంత్రం వీధి మొదట్లో ఆ మోత వినపడిందంటే చాలు, పిల్లలందరూ అన్నాలొదిలేసి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. పొగలో ఆడుకోడానికి. తెల్లగా మబ్బులా ఉంటుంది కదా, అందులో దూరి ఒకళ్ళనొకళ్ళు వెతుక్కోవడం, కేకలు. ఆయన ఆగి వెనక్కి తిరిగి తిట్టేవారు. పొండిరా, ఇది మిఠాయి కాదు, విషం, అని. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఉంటారుగా, వాళ్ళకి ఆ గొంతు విచిత్రంగా వినిపించి ఇంకా నవ్వేవాళ్ళు. ఇంటికొచ్చి నాతో అనేవారు, పొగ కొట్టిన మర్నాడు రోడ్డు మీద ఏం పడుంటాయో చూశావా, ఒక్క దోమలేనా, తేనెటీగలు, సీతాకోక చిలకలు, ఓసారి పిచ్చుక కూడా, అని. చెప్పి చేతులు వాసన చూసుకునేవారు. సబ్బు ఎంత రుద్దినా ఆ వాసన పోయేది కాదు.

అందుకని ఇంట్లోకి ఆ వాసన రానిచ్చేవారు కాదు. వచ్చేది పెరటి గుమ్మంలోంచే. బట్టలు అక్కడే విప్పి వేరే తొట్టిలో పడేసి, స్నానం చేసి, ఆ బట్టలు తనే ఉతుక్కుని, అప్పుడు లోపలికి. నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. మొదట్లో నాకు కోపం వచ్చేది, ఏం, నేను ఉతికితే నీళ్ళు పట్టవా వాటికి, అనేదాన్ని. తర్వాత అమ్మాయి పుట్టాక అర్థమైంది. దానికి ఉబ్బసం. చలిగాలి తగిలినా, దుమ్ము లేచినా, పాపం, గుండెల్లో పిల్లికూతలు. నిద్రలో కూడా ఆ కూతలు వినపడేవి, మేమిద్దరం లేచి కూర్చుని చూస్తుండేవాళ్ళం. అది పెరటి గుమ్మంలో నిలబడి, నాన్నా అయిందా, అని అడిగేది. ఇంకా లేదు తల్లీ, అనేవారు ఆయన నీళ్ళు పోసుకుంటూ. ఇప్పుడో? ఇంకొక్క చెంబు. ఇప్పుడో? అంతా అయ్యాక చేతులు దాని ముక్కు దగ్గర పెట్టేవారు, అది వాసన చూసి, ఊఁ పాసు, అనేది. అప్పుడు ఎత్తుకునేవారు. రోజూ ఇదే పరీక్ష.

ఇంట్లో మందన్న మాట లేదు. ఊరంతటికీ విషం పంచే మనిషి, ఇంట్లో చీమకి కూడా మందు పెట్టడేమిటని అందరికీ నవ్వులాట. పెరట్లో చిక్కుడు పాదుకి పేనుబంక పడితే, పలచటి సబ్బునీళ్ళతో ఒక్కొక్క ఆకూ వెనక్కి తిప్పి కడిగేవారు. నేను గుమ్మంలో కూర్చుని, పనిలోపని దువ్వి జడ కూడా వెయ్యండి, అనేదాన్ని. గొంగళిపురుగుల్ని చేత్తో ఏరేవారు. వెల్లుల్లీ మిరపకాయా నూరి నీళ్ళల్లో కలిపి వంగమొక్కల మీద చల్లేవారు. అది గాలికి ఎగిరి కళ్ళల్లో పడి తను ఏడ్చేవారు, పురుగులు మాత్రం శుభ్రంగా తిని కూర్చునేవి. అన్నీ కుదిరేవని కాదులే. సగం పంట పురుగులకే పోయేది. పోనీవే, అవీ మన ఇంట్లోవేగా, అనేవారు. బొద్దింకలకి పంచదారలో వంటసోడా కలిపి మూతల్లో పెట్టేవారు. అవన్నీ నువ్వు ఇప్పుడు ఫోనులో చూసి నాకు చెప్తుంటావే, అవే. నేను నవ్వుకుంటుంటాను. ఏం, నవ్వకూడదా?

ఇక అసలు సంగతి. మా వీధి వచ్చేసరికి మీ తాతయ్య మిషన్ ఆపేసేవారు. అమ్మాయికి పడదని. భుజాన వేసుకుని ఊరికే నడిచి, పక్క వీధిలోకి వెళ్ళాక మళ్ళీ స్టార్టు చేసేవారు. వీధిలో అందరికీ తెలుసు. దానికి బదులు సెలవు రోజు పొద్దున్నే బయల్దేరేవారు, ఇంటింటికీ. అమ్మా, ఆ పాత టైరు తీసెయ్యండి, ఆ తొట్టి బోర్లించండి, పూలకుండీ కింద పళ్ళెంలో నీళ్ళు పారబొయ్యండి, అని. నీళ్ళు నిలవ లేకపోతే దోమ లేదు, దోమ లేకపోతే నా పొగ అక్కర్లేదు, అనేవారు. నన్నోసారి పిలిచి టైరులో చూపించారు, వెంట్రుక ముక్కల్లాంటివి గిలగిలా తిరుగుతుంటే, ఇవే దోమపిల్లలు, బాగా చూడు, అని. ఎదురింట్లో కుట్టుమిషనావిడ ఉండేది, నోట్లో ఎప్పుడూ గుండుసూదులు పెట్టుకుని, వాటి సందులోంచే మాట్లాడేది. మా పొగన్నయ్య అందరి వీధికీ పొగ, మన వీధికి ఉపన్యాసం, అనేది. మంచి మనిషే. నోరే అలాంటిది. అమ్మాయి గౌన్లన్నీ కుట్టింది ఆవిడే.

ఆ ఏడు వానలు ఎక్కువ. ఊళ్ళో జ్వరాలు. మా వీధిలో ఎవరికీ లేదు, ఆయనకి లోపల్లోపల కాస్త గర్వం కూడా ఉండేదేమో. అప్పుడు వచ్చింది, మా ఇంటికే. మా అమ్మాయికే. మామూలు జ్వరమేలే అనుకున్నాం. ఆసుపత్రిలో కూడా ముందు అదే అన్నారు. తర్వాత చిగుళ్ళలోంచి రక్తం. నేను ఆ గదంతా చెప్పలేనమ్మా, నన్నడక్కు. నీలం చారల దుప్పటి ఉండేది. అంతే చెప్తాను. దానికి అప్పుడు పళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి, ముందు పన్ను సగం వచ్చింది. అది పూర్తిగా రాలేదు. పిల్ల పోయింది.

ఇంటి నిండా జనం. కుట్టుమిషనావిడ గోడకి ఆనుకుని ఏడుస్తూ ఏడుస్తూ, అన్ని వీధులకీ కొట్టావు కదయ్యా, ఈ ఒక్క వీధికీ కొట్టి ఉంటే, అనేసింది. ఏడుపులో వచ్చేసిన మాట అది, కావాలని కాదు. అయినా పుండు మీద కారం చల్లినట్టే కదా. ఈయన తలెత్తి, అవునమ్మా, నావల్లే, అన్నారు. అంతే.

జనం వెళ్ళిపోయాక, కొన్నాళ్ళకి, ఇల్లు కడగాలి కదా, ఎన్నాళ్ళని అలా కూర్చుంటాం. వంటింట్లో వంగి తుడుస్తున్నాను. అలమర కాళ్ళ కింద చీమల గిన్నెలు. ఆయన పెట్టినవే, పాత డబ్బాల అడుగుభాగాలు గిన్నెల్లా కోసి, అంచులు నొక్కి, అలమర ఊగకుండా సరిచూసి పెట్టారు. వెనక కాలు దగ్గరిది చీకట్లో ఉంటుంది. చెయ్యి పెట్టి లాగాను. నీళ్ళల్లో గిలగిలా గిలగిలా. వెంట్రుక ముక్కల్లా. దీపం కిందే చీకటంటారు, చూడు. ఊళ్ళో టైర్లన్నీ బోర్లించిన మనిషి. ఆయన కంటికి అవి నీళ్ళు కావు, చీమలకి వేసిన కంచె. నా కంటికీ అంతే. అమ్మాయి ఆ అలమర పక్కనే చాప వేసుకుని బొమ్మలు గీసుకునేది. ఆ నేల మీద అలాగే కూర్చుండిపోయాను. ఏమనుకున్నానో తెలుసా? ఈ సంగతి ఈయనకి తెలిస్తే బతకరు, అని. వీధికి పొగ కొట్టలేదన్న బాధైతే పదిమందిలో పంచుకునే బాధ. ఇది ఆయన చేతులతో కోసి పెట్టిన డబ్బా. గబగబా తీసుకెళ్ళి పెరట్లో పారబోసి, మట్టి కప్పేసి, డబ్బాలు అవతల పారేశాను. గోడ మూలన బూడిద పోశాను. ఆయన అలమర చూశారు, బూడిద చూశారు, ఏమీ అడగలేదు. అడగలేదు కదా, చాలనుకున్నాను.

అప్పట్నుంచి మా వీధిలో పొగ మొదలుపెట్టారు. అన్ని వీధులూ అయ్యాక మా వీధి, మళ్ళీ ఇంకోసారి మా వీధి. ముక్కుకి గుడ్డ కూడా కట్టేవారు కాదు. మా గుమ్మం ముందు ఆగిపోయి, పొగలో కనపడకుండా నిలబడేవారు. నేను లోపల తలుపు వేసుకుని ఆ మోత వింటూ కూర్చునేదాన్ని. నాలిక చివరి దాకా వచ్చేది. పొగ కొట్టకపోబట్టి కాదండీ, ఆపండి, అని ఒక్క మాట. ఆపితే, మరి దేని వల్ల, అంటారు. అప్పుడేం చెప్పను? అందుకని మింగేదాన్ని. రోజూ మింగడమే. దగ్గు మొదలైంది. తర్వాత ఆయనకే పిల్లికూతలు. కూతురి కూతలే తండ్రి గుండెల్లోంచి వినపడుతుంటే ఏ ఆడదైనా ఎలా పడుకుంటుంది చెప్పు. నాకు ఆయన మీద కోపం వచ్చేది. నా మీదా వచ్చేది. డాక్టరు ఆ పని మానెయ్యమన్నాడు. మానలేదు. మిషనే ఆయన్ని మానేసింది చివరికి, మొయ్యలేక.

మంచం పట్టాక ఓ మధ్యాహ్నం, దిండు ఎత్తుగా పెట్టి కూర్చోబెడుతుంటే నా చెయ్యి పట్టుకున్నారు. ఏమే, ఆ డబ్బాలు పారేశావు చూడు, అన్నారు. ఏ డబ్బాలు, అన్నాను. నువ్వు పెరట్లో పారబోస్తుంటే కిటికీలోంచి చూశాలే, నువ్వు మట్టి కప్పుతుంటేనే అర్థమైంది, అన్నారు. మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదండీ, వీధి వీధి అని ఆ పొగంతా ఎందుకు మింగారు, అన్నాను. ఆయన అన్న మాట ఇది, ఒక్క అక్షరం మార్చట్లేదు. డబ్బాలు పెట్టింది నేనైనా తగ్గినప్పుడల్లా నీళ్ళు నింపింది నువ్వేగా. ఆ సంగతి నీకు తట్టి నువ్వేమైపోతావోనని భయపడ్డాను. నేను వీధి వల్లే అని గట్టిగా అంటుంటే నువ్వు కూడా నమ్ముతావనుకున్నా, అన్నారు. అంతే.

నిజమే కదా. నీళ్ళు నింపింది నేనే. నీ మీద ఒట్టేసి చెప్తున్నా, అన్నేళ్ళలో ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నేను ఆయన్ని కాపాడుతున్నా అనుకుంటూ కూర్చున్నాను, ఆయన నన్ను కాపాడుతున్నా అనుకుంటూ ఆ పొగలో నిలబడ్డారు. ఒకటి చెప్పనా, పిల్ల పోయాక ఆ ఇంట్లో మేమిద్దరం ఒక్కసారైనా కలిసి ఏడవలేదు. ఏడిస్తే ఎక్కడ నోరు జారుతుందోనని ఆయన పెరట్లో, నేను వంటింట్లో.

ఆ రోజు ఏడ్చాం. అప్పటికి ఆయనకి ఏడవడానికి ఊపిరి లేదు.

ఊఁ... సరే, ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా, చలేస్తోంది.