వాళ్ళు ఆగిన్రు

*2012 జూలై. బోరబండలో సెక్యూరిటీ గార్డు ఐలయ్య కిరాయికుండే రెండు గదుల ఇల్లు. సాయంత్రం ఆరు దాటింది. గోడకు దండ వేసిన కొడుకు రమేష్ ఫోటో, దాని కింద టీవీ. టీవీలో ఫ్రాన్సు దేశపు సైకిళ్ళ పోటీ. ఐలయ్య పక్కన కూర్చున్నది రమేష్ స్నేహితుడు తేజ.*

“అయితే గా ముందటున్న ముగ్గురు గెల్సినట్టేనా సారు?”

“లేదు బాబాయ్. వాళ్ళు ఈ రోజుకి ముందున్నారంతే. ఇది మూడు వారాల పోటీ. రోజుకో ఊరి నుంచి ఇంకో ఊరికి తొక్కుతారు. ప్రతి ఒక్కరి టైమూ రోజూ కలుపుకుంటూ వెళ్తారు. ఆఖర్న మొత్తం ఎవరిది తక్కువుంటే వాళ్ళు గెలిచినట్టు.”

“ఓ, గట్లనా! మేమిద్దరం వారం సంది చూస్తున్నం. రోజు ఎవడో ఒకడు చేతులు లేపి వస్తడు. అయిపోయిందనుకుంటం. తెల్లారి మళ్ళ షురూ. వీళ్ళకు ఇల్లు వాకిలి లేదా అంటది అంజమ్మ.”

“పిన్ని ఏరండి?”

“నల్లా నీళ్ళ కోసం పోయింది. మా గల్లీల రెండు దినాలకొకసారి ఇడుస్తరు. వస్తది. మీరు కూసోండి, ఫికర్ జెయ్యకున్రి.”

“వారం నుంచీ రోజూ చూస్తున్నారా?”

“ఆరయిందంటే ఆమెనే పెడ్తది. కేబులాయనతోని కొట్లాడి పెట్టిచ్చిండు గద రమేషు ఈ చానలు. తీసేద్దామంటే ఆమె తియ్యనియ్యది. సమజయితదా అంటే, కాదు. ఉత్తగ చూస్తం. గుంపుల ఒకడున్నడు, మావాని తీరుగనే మెడ జర పక్కకు వెట్టి తొక్కుతడు. వాడు కనవడ్తె అన్నం వెట్టుడు ఆపి చూస్తది.”

“ఎవరది? ఏ రంగు బట్టలు?”

“రంగు యాదికి లేదు. ఆమెకు ఎర్క. నన్ను పిలిచి అన్ని చెప్తుండె రమేషు. నేను ఏనాడన్న ఇన్ననా? డ్యూటీ దిగి వచ్చి పంటుంటి. అందుకే మొన్న మీ ఆఫీసు గేటు కాడ మిమ్ముల చూసి అడిగిన, జర ఇంటికొచ్చి చెప్పి పోండ్రి అని. తప్పుగ అనుకోకున్రి సారు.”

“తప్పేముంది బాబాయ్. సార్ అనకండి. తేజ అనండి చాలు.”

“ఏడాదయింది మిమ్ముల చూసి. బెంగుళూరు పోయిన్రట గద.”

“అవునండి. ఆఫీసు వాళ్ళు పంపితే... కాదు. నేనే అడిగి వేయించుకున్నాను.”

“ఎందుకట్ల?”

“అదిగో బాబాయ్, పసుపు బనీను కనిపిస్తోందా? ఇప్పటిదాకా మొత్తం మీద ముందున్నది అతనే.”

“గాయన గుంపు నడుమ ఉన్నడు గద?”

“నడుమే ఉంటాడు. అతని ముందు ఒకే రకం బట్టల్లో నలుగురున్నారు చూడండి. వాళ్ళు అతని మనుషులు. ఎదురుగాలి వాళ్ళు కాస్తారు, అతను వాళ్ళ చాటున వస్తాడు. వెనక్కి కారు దగ్గరికెళ్ళి, నీళ్ళ సీసాలు వీపున బనీనులో కుక్కుకుని తెచ్చిస్తారు. ఆఖరి కొండ దాకా మోసుకొచ్చి అక్కడ వదిలేస్తారు. అక్కణ్ణించి అతను వెళ్ళి గెలుస్తాడు.”

“మరి వాళ్ళకేమొస్తది?”

“జీతం. టీవీలో పేరు కూడా చెప్పరు. రమేష్‌కి వాళ్ళంటేనే ఇష్టం. ఎవరు గెలిచారని నన్నెప్పుడూ అడగలేదు. నీళ్ళాయన ఈ రోజు ఎన్నిసార్లు పోయిండు సారూ అని అడిగేవాడు.”

“పిచ్చోడు.”

“రమేష్ పనిచేసే షాపులో నా సైకిల్ బాగుచేయించుకోడానికి వెళ్తే అక్కడ పరిచయం. చేత్తో బ్రేకు తీగ బిగిస్తున్నాడు, కళ్ళు మాత్రం ఓనరు కంప్యూటర్ మీద ఉన్నాయి. చూస్తే ఇదే రేసు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆఫీసులో మూడు వేల మంది ఉన్నారు బాబాయ్, ఒక్కడికీ దీని పేరు తెలియదు. ఆ రోజు సైకిల్ ఎప్పుడో బాగయిపోయింది. ఆ పూట పోటీ అయ్యేదాకా ఇద్దరం షట్టరు ముందు నిలబడి చూశాం.”

“నాకు మాత్రం గుస్స వస్తుండె. మీకు కాదు, వానికి. ధర్నాలకు పోతడు, టోపీ మీద జై తెలంగాణ అని స్టిక్కరు. మళ్ళ పొద్దుగాల లేస్తె ఆంధ్రా సారుతోని సైకిలు. ఏందిరా ఇది అంటే, రాష్ట్రం రానీ నాయినా, సారుకు వీసా నేనే ఇప్పిస్త అంటుండె.”

“నాతోనూ అనేవాడు. ఏటా ఒక బిర్యానీ తినిపిస్తే వీసా పొడిగిస్తానన్నాడు.”

“అన్నడా? అంటడు. వాని నోరు గసుంటిది. బంద్ అంటే మాకు డ్యూటీ లేకుండె. మీ ఇద్దరికి పండుగ.”

“పండగే. రోడ్డు మీద ఒక్క బండి ఉండేది కాదు. కొత్తగూడ నుంచి గండిపేట దాకా మొత్తం మాదే. ఫ్రాన్సులో ఆ రోజు ఎన్ని కిలోమీటర్లు తొక్కుతున్నారో చూసి, అందులో పదో వంతు మేం తొక్కేవాళ్ళం. బంద్ టూర్ అని పేరు పెట్టాడు. ఇంకో నలుగురు దొరికితే మనం కూడా పసుపు బనీను కుట్టిద్దాం సారూ అనేవా—”

“అగో! అగో, పడ్డరు! ఓ దేవుడా, ఒకని మీద ఒకడు—”

“అయ్యో.”

“మలుపు కాడ పడ్డరు. ఎంతమంది సారు?”

“ఏడెనిమిది మంది. లేస్తున్నారు, లేస్తున్నారు బాబాయ్. వీళ్ళకిది మామూలే.”

“గాయన లేస్తలేడు. గా నీలం బట్టలాయన. చెయ్యి సూడు, చెయ్యి కదుల్తలేదు.”

“డాక్టరు కారు వస్తుంది. గుంపు వెనకాలే ఉంటుంది ఎప్పుడూ.”

“వచ్చింది. ఇంత జల్దినా! కింద పడి నిమిషం గాలె.”

“అవునండి.”

“గీ ముంగటోళ్ళకేమైంది? వీళ్ళు పడలేదు గద? ఎందుకు తొక్కుతలేరు?”

“పడ్డవాళ్ళలో పసుపు బనీను ఉన్నాడు బాబాయ్. అతను లేచి వచ్చి కలిసేదాకా వీళ్ళు మెల్లగా వెళ్తారు.”

“అట్ల రూల్ ఉన్నదా?”

“రూలేం లేదు. ఇప్పుడు గట్టిగా తొక్కితే గెలవచ్చు కూడా. కానీ పడ్డవాణ్ణి వదిలేసి గెలిస్తే... బాగోదని. వాళ్ళలో వాళ్ళకి ఒక మర్యాద.”

“వాళ్ళు ఆగిన్రు.”

“ఊఁ.”

“చూడు, వెన్కకు తిరిగి తిరిగి చూస్తున్నరు. మంచోళ్ళు. సారు? సారు, ఏమైంది? ఏడుస్తున్నవా? అరె, ఏమైంది బిడ్డా?”

“నేను ఆగలేదు బాబాయ్.”

“ఏంది?”

“ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను. ఆసుపత్రిలో. నేను చాలా ముందున్నాను, రమేష్ పడ్డట్టు తెలియలేదు అన్నాను కదా.”

“అన్నవు.”

“తెలిసింది. కోకాపేట దగ్గర ఆ దిగుడులో. ఎప్పుడూ తనే ముందుండేవాడు, నా ఎన్కకు రా సారూ, ఎదురుగాలి నేనే కాస్త అనేవాడు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా నేను ముందు లేను. ఆ రోజు దాటాను. దాటిన కాసేపటికే వెనక చప్పుడు. తిరిగి చూశాను. రోడ్డు వారన కంకర మీద పడున్నాడు. చెయ్యెత్తాడు.”

“చెయ్యెత్తిండా? వాడు?”

“ఎత్తాడు. ఫర్లేదు, వెళ్ళమంటున్నాడు అనుకున్నాను. కాదు బాబాయ్, అలా అనుకోవాలనుకున్నాను. ఒక్కసారి గెలుద్దామని. గండిపేట దాకా వెళ్ళి, గట్టు మీద కూర్చుని, టైము చూసుకుంటూ నీళ్ళు తాగాను. వచ్చి తిడతాడు, నవ్వుతాడు అనుకుంటూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలు. రాలేదు. వెనక్కొచ్చేసరికి సైకిలొక్కటే ఉంది. ఎవరో ఆవిడ కార్లో ఎక్కించుకుని వెళ్ళిందని అక్కడ టీకొట్టాయన చెప్పాడు.”

“ఊఁ.”

“ఆగలేదు. పిలిచాడేమో కూడా తెలియదు నాకు. అందుకే బెంగుళూరు వెళ్ళిపోయాను. మీ గేటు ముందు నుంచి ఆఫీసుకి రావడం నా వల్ల కాలేదు. ఏదో ఒకటి అనండి బాబాయ్. తిట్టండి. కొట్టండి.”

“నీళ్ళు తాగు.”

“బాబాయ్—”

“తాగు ముందు. నువ్వు ఆగితే ఏం జేస్తుంటివి? భుజం మీద ఏసుకొని తొక్కుతుంటివా? కారు దొరికింది గద వానికి.”

“నేనుంటే ఇంకా ముందే ఎవరినో ఒకరిని ఆపి—”

“ఊకో. చెప్తున్న గద. కారు జల్దినే దొరికింది. అదే తొవ్వల ఆమె వెన్కనే వచ్చిందట. ఎక్కిచ్చుకున్నది. గచ్చిబౌలి దాటింది. కొత్తగూడ దాంక వచ్చింది. ఆడ ఆగింది.”

“కొత్తగూడలో ఎందుకు?”

“బంద్ గద ఆ రోజు, ఆడ రాస్తారోకో. టైర్లు కాలవెట్టినం. మా గేట్ల కాడి సెక్యూరిటోళ్ళం, క్యాబుల డ్రైవర్లు, యాభై మందిమి.”

“మీరు కూడా అక్కడున్నారా?”

“ముంగటనే ఉన్న. అంబులెన్సు వస్తె మేమే ఉరికి తొవ్వ ఇప్పిచ్చినం. కార్లోళ్ళు మాత్రం పొద్దుగాల సంది అన్ని అబద్ధాలు. అమ్మకు బాగలేదంటడొకడు, చూస్తె ఆఫీసుకు పోతున్నడు. మా ఇంటామె కడుపుతోని ఉన్నదంటడు ఇంకొకడు, తలుపు తీస్తె లోపల ఎవరు లేరు. గప్పుడు వచ్చింది ఒక తెల్లకారు. నల్ల అద్దాలు. ఒక్కామె తోలుతున్నది. అద్దం జరంత దించి, మీ తీరుగనే మాట్లాడింది. దారివ్వండి బాబూ, కుర్రాడికి దెబ్బ తగిలింది, కొండాపూర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి అని.”

“వద్దు బాబాయ్.”

“ఇను. నువ్వు చెప్పినవు, నేను ఇన్న. వెన్క తలుపు తీసి చూడండి, చూడండి అన్నది ఆమె. ఒక్క తలుపు. తీస్తె అయిపోవు. నేను తియ్యలె. ఇది గూడ అబద్ధమే అనుకున్న. బోనెట్ మీద గుద్దిన. తిప్పు, తిప్పు అన్న. ఏడ్చుకుంట తిప్పుకొని పోయింది. హఫీజ్‌పేట దిక్కెల్లి చుట్టు తిరిగి పోయిందట దవాఖానకు.”

“ఆ కారే అని... మీకెలా తెలిసింది?”

“పగటీలి ఫోనొస్తె ఉరికిన. దవాఖాన ముంగట అదే కారు. బోనెట్ మీద సొట్ట. వెన్క తలుపు తెర్సి ఉన్నది. సీటు మీద వాని టోపీ, స్టిక్కరు నా దిక్కే ఉన్నది. ఆమె మెట్ల మీద కూసున్నది. ఆమె లేచి పోయిందాంక నేను గోడ చాటుకు నిలవడ్డ. లోపల కొడుకు ఉన్నడు, నేను గోడ చాటుకు ఉన్న.”

“డాక్టరు ఏమన్నారు? ముందే వచ్చుంటే...”

“అడగలె. అద్ద గంట ముందుగాల తెస్తె బతుకుతుండెనా సారు అని, గా ఒక్క మాట అడగనీకి నాకు నోరు రాలె. ఇయ్యాల్టికి అడగలె. అడిగేదాంక బతుకుతుండె అని అటు ఉన్నది, ఎట్లయిన పోతుండె అని ఇటు ఉన్నది.”

“మీకేం తెలుసు బాబాయ్ అందులో ఉన్నది—”

“ఎవరైతేంది? వేరేవాళ్ళ కొడుకైతే అయితదా? రాష్ట్రం కోసం కూసునుడు తప్పని నేను అంటలేను. రేపు పిలిచినా పోత, కూసుంట. తలుపు తియ్యకపోవుడు నాది. అది ఒక్కటి నాది.”

“పిన్నికి చెప్పారా?”

“ఆమెకు తెల్వదు. తెలిస్తె మళ్ళ నా మొఖం చూడది. ఏడాది సంది అన్నం వెడ్తది, తింట. కాళ్ళు నొస్తున్నయంటే నూనె రాస్తది, రాయించుకుంట. రోజు చెప్దామనుకుంట. గీ టీవీ ముంగట కూసున్నప్పుడు నోటిదాంక వస్తది. ఆమె గా మెడ వంచేటోని కోసం దేవులాడుకుంట ఉంటది. ఎట్ల చెప్పాలె? నువ్వు గూడ అనకు బిడ్డా.”

“అనను.”

“ఒట్టు?”

“ఒట్టు బాబాయ్.”

“తలుపు కాడ ఎవరు?”

“నేనే. గీ బిందె పట్టున్రి ఎవరన్న. చీకట్ల కూసున్నరేంది ఇద్దరు? లైటెయ్యరాదయ్యా. బాగున్నవా తేజ బిడ్డా? మస్తు బక్కగయినవు.”

“బాగున్నాను పిన్నీ. ఇటివ్వండి, నేను పెడతాను.”

“అంజమ్మా, ఎంతసేపయింది నువ్వొచ్చి?”

“తెల్లకారు కాడి సంది ఇంటున్న.”

“అంజమ్మా... నేను చెప్దామనే... దేవుని మీద ఒట్టు, రోజు—”

“కూసో. ఇను. కారామె కనకలక్ష్మమ్మ. దినాల నాడు మనింటికొచ్చింది.”

“ఇంటికొచ్చిందా? ఎప్పుడు? నేను చూడలె.”

“నువ్వు గుండు చేయించుకునేతందుకు పోయినవు. వాని టోపీ ఇచ్చి పోదామని వచ్చింది పాపం. నా చేతులు పట్టుకొని ఏడ్చింది, జల్ది తీసుకపోలేకపోయిన తల్లీ, ఆపిన్రు అని.”

“నా పేరు చెప్పిందా?”

“నీ పేరు ఆమెకేం ఎర్క? మొఖం గూడ యాదికి లేదన్నది. బోనెట్ మీద గుద్దిన చేతికి, బొటనవేలికి, ఎర్రపూల చీర పేలిక కట్టి ఉండె అన్నది. ఆ పొద్దుగాల నీ వేలు తలుపుల పడి నలిగితె, నా చీర చింపి కట్టింది నేనే కదయ్యా.”