నాలుగింటి ట్రిప్పు

థీమ్ పార్కు గేటు లోపల, నడవలేనివాళ్ళకు స్కూటర్లు అద్దెకిచ్చే కౌంటరు. మధ్యాహ్నం మూడు దాటింది. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు, ఆవిడ అదే బస్సులో కండక్టరుగా. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. మూడో గొంతు కౌంటరు అమ్మాయిది.

"ఎక్కనంటే ఎక్కను. మీరెళ్ళి చూసి రండి. నేనీ బెంచీ మీద కూర్చుంటా."

"బెంచీ మీద కూర్చోడానికా ఇంత దూరం వచ్చింది?"

"నేనొస్తానన్నానా? మీరే లాక్కొచ్చారు."

"మనవరాలు డ్రమ్ము కొడుతుందే! స్కూలు బ్యాండులో మొదటి వరస! స్టేజీ పార్కుకి ఆ చివరుంది. నాలుగింటికి మొదలు."

"నాలుగింటికేనా?"

"నాలుగింటికే. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అడిగితే తప్పా? పదండి, నడిచే వస్తా."

"గేటు నుంచి ఇక్కడికి పాతిక అడుగులు. మూడుచోట్ల ఆగావు. ఈ లెక్కన నువ్వు స్టేజీ చేరేసరికి పిల్ల డ్రమ్ము మానేసి ఉద్యోగంలో చేరుతుంది."

"నాకు నవ్వు రావట్లేదు."

"నాకూ రావట్లేదు. ఎనిమిది నెలలైంది నువ్వు వాకిలి దాటి. కూరగాయలమ్మాయి వస్తే కిటికీలోంచి మాట్లాడి పంపిస్తున్నావు."

"మనుషులు చూస్తారండీ."

"చూస్తే?"

"చూస్తే అంటారేంటి! అయ్యో పాపం అని చూస్తారు. ముప్పై ఏళ్ళు రోజూ అరవైమందిని గదిమి నిలబెట్టినదాన్ని. నన్ను చూసి ఎవరైనా జాలిపడితే నేను తట్టుకోలేను."

"అమ్మా, ఒక్కసారి కూర్చుని చూడండి. మీకంటే చిన్నవాళ్ళు కూడా తీసుకుంటారు."

"నువ్వుండమ్మా. ఇది మా ఇద్దరి గొడవ."

"సరే, ఎక్కకు. బ్యాండు మన కోసం ఆగుతుందా ఏంటి? పిల్ల మొదటి దెబ్బ కొట్టి, మన మొహాల కోసం జనంలో వెతుక్కుంటుంది. వెతుక్కోనీ."

"టైమెంత?"

"మూడూ పన్నెండు."

"పాపా, స్టేజీకి ఈ బండి మీద ఎంతసేపు?"

"జనం లేకపోతే ఇరవై నిమిషాలమ్మా. ఈరోజు జనం ఉన్నారు."

"నాలుగింటికేగా మీరన్నది?"

"నాలుగే! మళ్ళీ అదే అడుగుతావేంటి?"

"సరే. ఎలా ఎక్కాలో చెప్పు పాపా."

"చాలా తేలికమ్మా. ఇలా కూర్చోండి. ఇది తాళం. కుడిచేతి కింద లివరు నొక్కితే ముందుకి, ఎడమచేతి కింద లివరు నొక్కితే వెనక్కి. ఈ గుండ్రటి మీట మీద బొమ్మలున్నాయి చూడండి. తాబేలు వైపు తిప్పితే నెమ్మది. కుందేలు వైపు తిప్పితే జోరు."

"బ్రేకేదమ్మా?"

"బ్రేకు ఉండదండీ. లివరు వదిలేస్తే అదే ఆగుతుంది."

"బ్రేకు లేదా! ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపానమ్మా నేను. బ్రేకు సరిగ్గా లేని బండిని డిపో గేటు దాటనివ్వలేదు."

"వదిలేస్తే ఆగుతుందండీ."

"వదిలేస్తే ఆగేది బండెలా అవుతుంది? వదిలేస్తే పోవాలి, తొక్కితే ఆగాలి. బండంటే అది."

"నడిపేది మీరా, నేనా?"

"నువ్వే. కానీ నీకు నడపడం రాదు కదా."

"నేర్పితేగా! పెళ్ళైన కొత్తలో అడిగాను. ఏమన్నారు? వెనక తలుపు దగ్గర ఉండేవాళ్ళకి ముందు సీటు ఎందుకన్నారు."

"అదెప్పటి మాట! సరే, ముందు అద్దం సరిచేసుకో. ఏదీ, అద్దమేదమ్మా?"

"అద్దం కూడా ఉండదండీ."

"మరి వెనకేముందో ఎలా తెలుస్తుంది?"

"వెనక మీరుంటారుగా, మీరే చెప్పాలి."

"విన్నారా? ఇవాళ వెనక మీరు. రైట్ చెప్పండి. చెప్పందే బండి కదలదు."

"రైట్."

"అదేం గొంతు? నేనలా చెప్పేదాన్నా?"

"రైట్! రైట్!"

"ఓయమ్మో! పోతోంది! పోతోందండీ!"

"వదులు! వదిలెయ్!"

"గట్టిగానే పట్టుకున్నా!"

"పట్టుకోకు! పట్టుకుంటేనే పోతుంది!"

"భయమేస్తే పట్టుకుంటారా, వదుల్తారా ఎవరైనా?"

"అమ్మా, వేళ్ళు తీసేయండి. అదీ. ఆగిందా? చూశారా, ఎంత తేలికో."

"నీ పూలకుండీని గుద్దేశానా?"

"ఏం కాలేదమ్మా, కాస్త పక్కకి జరిగింది. పొద్దుటి నుంచి అది జరగడం ఇది నాలుగోసారి. వెళ్ళి రండి."

కౌంటరు వెనకబడింది. దారి ఎడమకు తిరిగింది.

"మెల్లిగా. మెల్లిగా. ఎడమకి. ఎడమకే! అంత తిప్పకు, అది పప్పు రుబ్బడం కాదు."

"వెనకనుంచి అరవకండి. మీరు నడిపేటప్పుడు ఎలా తిప్పాలో నేను చెప్పానా?"

"రోజూ చెప్పేదానివి!"

"మీరు విన్నారా? నేనూ వినను."

"అదిగో, ఎవరో పసిపిల్లని తోపుడుబండిలో తోసుకొస్తున్నారు. దారివ్వు."

"వాళ్ళే ఇవ్వాలి. నాది పెద్ద బండి."

"ఇది పెద్ద బండా!"

"మీరు ఇదే మాట అనేవాళ్ళు. ఎదురుగా ఏమొచ్చినా."

"నేనన్నది లారీల గురించే. ఏయ్, ఏయ్, ఆగు! కుందేలు వైపు తిప్పావా?"

"కొంచెమే."

"కొంచెమా? నేను పరుగెత్తుతున్నా ఇక్కడ! ఆపు! నేనింకా రాలేదే!"

"ఈ మాట నేనెన్నిసార్లు అన్నానో గుర్తుందా? పెళ్ళికి ముందు, నీళ్ళ పంపు స్టాపులో. సీసాలో నీళ్ళు పట్టుకుందామని దిగాను. మీరు బండి తీసేశారు."

"ఎవరో రైట్ అన్నారు."

"ఎవరు పడితే వాళ్ళంటే పోతారా? పదకొండు కిలోమీటర్లు! టిక్కెట్టు కొట్టే మనిషి లేదని ప్యాసింజర్లు చెప్పేదాకా మీకు తెలీలేదు. పాలక్యాన్ల వ్యాను వెనక కూర్చుని వచ్చా నేను."

"మర్నాడు మీ ఇంటికొచ్చి తప్పయిందని చెప్పానుగా. చెప్పి వచ్చేద్దామనుకున్నా. మీ నాన్న కూర్చోబెట్టి, నీకు జీతమెంతన్నాడు. ఆ తప్పుకి ఇప్పటిదాకా... ఎలుగుబంటి! ఎలుగుబంటి!"

"ఎక్కడ?"

"ముందు! వేషం వేసుకున్నాయన! ఫొటో దిగుతున్నాడు! వదులు!"

"వదిలా!"

"వదిలేది ఇప్పుడా? ఆయన కాలెక్కేశావు!"

"అయ్యో! బాబూ, తగిలిందా?"

"పర్లేదమ్మా. ఈ పాదంలో అంతా దూది. నా అసలు కాలు ఇంకాస్త లోపలుంది."

"అందరూ చూస్తున్నారండీ. నే చెప్పానా? ఇందుకే రానన్నా. అందరూ చూస్తున్నారు."

"నన్నమ్మా వాళ్ళు చూసేది. ఎలుగుబంటి ఉండగా మిమ్మల్నెవరు చూస్తారు? కాస్త వెనక్కి తీస్తే నా పాదం నేను తీసుకుంటా."

"ఎడమ లివరు నొక్కు. రానీ, రానీ, రానీ, రానీ... హోల్డాన్!"

"ఇది కుయ్యి కుయ్యి మంటోందేంటి?"

"వెనక్కొస్తున్నామని చెప్తోంది. ఈ సదుపాయం మన బస్సుకి లేదు చూడు."

"మన బస్సుకి నేనుండేదాన్ని."

"అదీ నిజమే."

"వస్తా బాబూ. ఏమీ అనుకోకు. టైమెంతండీ?"

"మూడూ ముప్పై ఐదు."

"ఇదేంటి, దారంతా మూసుకుపోయింది!"

"ఆ నీళ్ళలో పడే పడవ ఉంది చూడు, దాని లైను. దారి మీదికి వచ్చేసింది. చుట్టూ తిరిగి పోదాం."

"చుట్టూ తిరిగితే నాలుగు దాటుతుంది."

"దాటితే దాటనీ."

"ఏంటీ?"

"అంటే, దాటకూడదనుకో. నేను అడుగుతానుండు. అయ్యా, కొంచెం... బాబూ, కాస్త దారి... మా ఇంటావిడకి..."

"నాకేంటి? ఆపండి. అలా గొణిగితే ఎవరు కదుల్తారు? మీరు జరగండి."

"ఎటు?"

"నా వెనక్కి. జరగండి! జరగండి, జరగండి, లోపలికి జరగండి! ముందంతా ఖాళీయే, ఇక్కడ ముద్దగా నిలబడితే ఎలా? అమ్మా, ఆ సంచీ కాళ్ళ మధ్య పెట్టుకో. ఎర్రచొక్కా బాబూ, ఫోను తర్వాత, ముందు అడుగెయ్యి. కళ్ళజోడాయనా, మిమ్మల్నే! పెద్దావిడకి కాస్త చోటివ్వండి, పడిపోతుంది. ఒక్కడుగు. ఇంకొక్కడుగు. అదీ! ఇందాకటి నుంచి ఈ పని చేసుంటే మీకూ సుఖం, మాకూ సుఖం. రైట్!"

లైను రెండుగా చీలి దారిచ్చింది. బండి అవతలికి వచ్చింది.

"ఏమండీ! ఉన్నారా, లైన్లో ఉండిపోయారా?"

"ఉన్నా."

"మాట్లాడరేం?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ మొహమేంటి?"

"ఆ గొంతు విని ఎనిమిది నెలలైంది. ఇంట్లో టీవీ తగ్గించమనడానికి కూడా చేత్తో సైగ చేస్తున్నావు."

"అరవందే జనం కదలరు. మీకు తెలీదా?"

"ఆ ఎర్రచొక్కా అబ్బాయి జేబు తడుముకున్నాడు. టిక్కెట్టు అడుగుతావనుకున్నాడు."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు."

"నవ్వించకండి, బండి వంకరపోతోంది. ఇంతకీ ఎవరైనా అన్నారా?"

"ఏమని?"

"అదే. అయ్యో పాపం అని."

"ఒకావిడ అంది."

"చూశారా! నాకు తెలుసు. ఏమంది?"

"నన్ను చూసి అంది. పాపం, పెద్దాయన బండి వెనక పరుగెత్తలేక ఆయాసపడుతున్నాడు అంది."

"అందా! మంచిదే. ఎవరో కానీ గమనించే మనిషి."

"సంతోషించావులే. అదిగో, ఎదురుగా ఇంకో స్కూటరు. ఆవిడ చెయ్యెత్తుతోంది నీకు."

"నాకెందుకు? నేనావిడకి తెలుసా?"

"తెలియక్కర్లేదు. దార్లో ఇంకో డ్రైవరు ఎదురైతే చెయ్యెత్తాలి. నువ్వూ ఎత్తు."

"చెయ్యి తీస్తే బండాగుతుంది!"

"ఎడమ చెయ్యి!"

"ఆఁ. నమస్తే అమ్మా! నేను కొత్త! ఇవాళే మొదలు! ఏమండీ, ఏమందో విన్నారా? కుందేలు మీద పెట్టి నడుపు, మజాగా ఉంటుందంది."

"వద్దు. నా ప్రాణం పోతుంది."

"కొంచెం."

"కొంచెం కూడా వద్దు! ఏయ్! దారికి అడ్డంగా ఆ గట్టు ఉంది, గట్టు! నెమ్మదించు!"

"చూశా. అరవకండి. గతుకులొస్తే నడుం పట్టేలా ఎగరేసేవాళ్ళు మీరు. వెనక నిలబడ్డదాన్ని నేను, ఎగిరేదాన్ని నేను. గట్టెలా దాటాలో చూడండి. ఇలా. తాబేలు మీద. ముందు చక్రం, ఆగి, వెనక చక్రం. కుదిపిందా?"

"లేదు."

"మరి!"

"ఒప్పుకున్నా. నాకంటే బాగా నడుపుతున్నావు. చాలా?"

"ఇంకోసారి చెప్పండి. గాలికి వినపడలేదు."

"ఈ వేగానికి గాలెక్కడిదే!"

స్టేజీ ముందు కుర్చీలన్నీ ఖాళీ. గడియారం స్తంభం మీద మూడూ యాభై ఐదు.

"ఐదు నిమిషాలు ముందే! చెప్పానా? ఒక్క ట్రిప్పు లేటుగా పోనివ్వలేదు నేను, ముప్పై ఏళ్ళలో. ఏమండీ?"

"ఊఁ."

"జనం లేరేంటి?"

"వస్తారేమో."

"బ్యాండు కూడా లేదు. ఒకాయన చీపురు పట్టుకుని స్టేజీ ఊడుస్తున్నాడు."

"శుభ్రం చేస్తున్నారు పాపం."

"మైకు లేదు. డ్రమ్ములు లేవు. ఒక్క పిల్ల లేదు. మీరేమో నాలుగన్నారు."

"అన్నాను."

"ఎన్నిసార్లు అడిగాను?"

"కోప్పడనంటే చెప్తా."

"చెప్పండి."

"ముందు కోప్పడనని చెప్పు."

"చెప్పండీ!"

"ఆరింటికి. బ్యాండు ఆరింటికి. నాలుగని నేనే కల్పించా. నీ కోసం రమ్మంటే నువ్వు రావు. నొప్పికి మంచిది, ఎక్కమంటే ఎక్కవు. కానీ బండి టైమైందంటే చాలు, నూటమూడు జ్వరంలో లేచి యూనిఫారం వేసుకుని డిపోకొచ్చేదానివి. ఆ ఒక్కటే తోచింది నాకు, ఇంకేం తోచలేదు. తప్పే. తిట్టుకో. ఇంటికెళ్దాం అని మాత్రం అనకు. ఈ చెట్టు నీడలో కూర్చుందాం, నీళ్ళు తెస్తా, రెండు గంటలు ఎంతలో అవుతాయి? ఏం మాట్లాడవేం? తిట్టవే."

"ఆరింటికని పొద్దున్నే తెలుసు నాకు, పిల్ల నా ఫోనుకే చేసి చెప్పింది. ఎక్కడానికి నాకూ ఏదో ఓ వంక కావాలి కదండీ. మీరిక్కడే కూర్చుని ఆయాసం తీర్చుకోండి, రెండు గంటలుందిగా, నేనింకో ట్రిప్పు వేసొస్తా."