హిరాల్దా ఎక్కిన మొనగాడు

బాల్దోమెరో నోరు తెరిచాడంటే మళ్లీ మూయించడం ఊళ్లో ఎవరి తరమూ కాదు. రేపు పొద్దున్నే పింఛనుదారులంతా బస్సులో సెవిల్లా నగరం చూడ్డానికి బయల్దేరుతున్నారు. అక్కడ పెద్దచర్చి గంటల గోపురం హిరాల్దా ఎక్కేవాళ్ల పేర్లు ఊళ్లో మందు బారు నడిపే లిబొరియో తన బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాడు. మోకాళ్ల నొప్పులతో కుంటుకుంటూ వచ్చి ఫుయెన్సాంత అత్త కూడా పేరు రాయించి, చేతులు కట్టుకుని కూర్చుంది. ఈలోగా బాల్దోమెరో అందుకున్నాడు.

"హిరాల్దా ఎక్కడమంటే మాటలనుకున్నారా? ఆగస్టు నెల, మిట్టమధ్యాహ్నం. మూడొందల మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కుతున్నా. సగం దారిలో ఒక జర్మనీ ఆయన, మనిషి కాదు బాబూ, పీపా, మెట్టు మీద కూలబడి ఏడుస్తున్నాడు. చూస్తూ చూస్తూ పోలేం కదా, వీపు మీదేసుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్లావిడ కూడా ఎక్కి కూర్చుంది!"

"ఆవిడా పీపానేనా?" అన్నాడు లిబొరియో.

"ఆవిడ ముందు ఆయనో చెంబు! ఇద్దర్నీ మోసుకుంటూ ఏడొందల మెట్లు..."

"ఇందాక మూడొందలన్నావుగా?"

"అవి దిగే మెట్లోయ్! మాటకి అడ్డం రాకు. పైకెళ్లి చూద్దును కదా, శిఖరం మీద గాలికి తిరగాల్సిన కంచు బొమ్మ చిలుం పట్టి బిగుసుకుపోయి ఉంది. ఒంటిచేత్తో ఒక్క తిప్పు తిప్పా. అంతే! దేశం మొత్తమ్మీద గాలి ఎదురు తిరిగింది. ఆ యేడు మన కొండ మీద మూడు నెలలు వాన కురిసిందే, ఎవరి పుణ్యమనుకున్నారు? బిషప్పు గారు పరుగున వచ్చి కాళ్ల మీద పడబోతే, పెద్దవారు, బాగోదని నేనే ఆపా."

బారంతా గొల్లున నవ్వింది. ఆ ఊపులో అతను ఫుయెన్సాంత వైపు తిరిగాడు.

"అందుకే అంటున్నా అత్తా, అన్నేసి మెట్లు నీవల్ల కాదు. కింద నారింజ చెట్ల నీడలో మా సంచులకి కాపలా కూర్చో."

"నిజమే, నీకెందుకత్తా ఈ యాతన?" అంటూ లిబొరియో ఆవిడ పేరు కొట్టెయ్యబోయాడు. ఫుయెన్సాంతకి ఒళ్లు మండిపోయింది. ఆ బాల్దోమెరో కోతలు వాడు కోసుకుంటే సరే, తన పేరుకే కోత పెడతాడా?

"కలం కింద పెట్టరా లిబొరియో! పెళ్లికి ముందు రెండేళ్లు ఆ గోపురం ఊడ్చినదాన్ని నేను. అందులో మెట్లెక్కడివిరా? కింద నుంచి పైదాకా ఏటవాలు దారే. వెనకటికి అక్కడ మసీదు ఉన్నప్పుడు నమాజుకి పిలిచే ఆయన గుర్రం మీద పోవడానికి అలా కట్టారని చెప్పేవాళ్లు. చిట్టచివర ఉన్నవి పదిహేడే పదిహేడు మెట్లు. వాటిని పాక్కుంటూనైనా ఎక్కుతా."

బాల్దోమెరో గ్లాసులోకి చూస్తూ గొణిగాడు: "అంటే... నేనెక్కింది వెనక వైపు నుంచి..."

"నోర్ముయ్యరా! ఆ గోపురం గుర్రాలెక్కాయి, గాడిదలెక్కాయి. ఎక్కనివాడివి నువ్వొక్కడివే!"