గానుగ గౌరీసు కారుకి నూనె ఎంచిన వైనం

గౌరీసు వేళ్లు మామూలు వేళ్లు కావంట. మన ఎగువపాలెంలో తాతల్నాటి గానుగ వాళ్లది. ఒక చుక్క నువ్వులనూనె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేసుకుని రుద్దాడనుకో, ఇది కొత్త నువ్వులు, ఇది నిరుటివి, ఇందులో ఎవడో వేరుసెనగ కలిపాడు అని కళ్లు మూసుకుని చెప్పేసేవాడంట. ఒక్కసారీ తప్పలేదు. గానుగ మూతబడ్డాక ఏంచేశాడంటే, ఓ పాత తెల్లకారు కొన్నాడు. మన కొండ మీంచి కింద ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్లు. జ్వరమొచ్చినోళ్లనీ నొప్పులొచ్చినోళ్లనీ దింపడం, మళ్లీ ఎక్కించుకు రావడం. అంతే ఆ కారు బతుకు. నాలుగు దిగడం, ఆగడం. నాలుగు ఎక్కడం, ఆగడం.

ఏమైందంటే, ఆ ఏడు గౌరీసు కూతురు రాజులు తొలికాన్పుకి పుట్టింటికొచ్చింది. మార్గశిర మాసం. మన కొండ మీద మార్గశిరం సంగతి మీకు చెప్పాలా, కొబ్బరినూనె సీసా తలకిందులు చేసి చరిచినా చుక్క రాలదు. డాక్టరమ్మ పిల్లని చూసి, బిడ్డ ఎదురుకాళ్ల మీదుంది, నొప్పి మొదలైతే గంటలోపు నా దగ్గరుండాలి అందంట. ఇంటికొచ్చి మర్నాడు పొద్దున్నే కారు తాళం తిప్పాడు గౌరీసు. గుర్... గుర్... ముసలెద్దు మూలిగినట్టు మూలిగింది గానీ లేవలేదు. పావుగంట బతిమాలితే అప్పుడు లేచింది. వాకిలి ఊడుస్తున్న పెళ్లాం అప్పలకొండ చీపురు ఆపి చూసిందంట. "ఏటయ్యా, పిల్లకి నొప్పులొచ్చిన్నాడు కూడా ఇలాగే దణ్ణాలెట్టి లేపుతావా? లోపల బిడ్డ ఆగుతాదా నీ కారు కోసం?" అంది. ఆ మాట పోయి గౌరీసు గుండెలో దిగబడింది.

సరే, కిందకెళ్లాడు. అక్కడ కారు సామాన్ల కొట్లో అతని మేనకోడలు వరాలు పనిచేస్తాది. ఎవరూ నేర్పకుండానే పని నేర్చుకున్న గుంట, లెక్కంటే నోట్లోనే వేసేస్తాది. బ్యాటరీ చూసి, ఇది బాగానే ఉంది మావా, ఇంజను నూనె మార్చాలి అని రెండు డబ్బాలు తీసి ముందెట్టింది. ఇది ఫుల్ సింథటిక్, ఫ్యాక్టరీలో కూర్చిన నూనె, నీ కారు పుస్తకంలో రాసింది ఇదే, తీసుకో అంది. గౌరీసు ఊరుకుంటాడా? చుక్క తీసి వేళ్ల మధ్య రుద్దాడు. "ఏటే గుంటా, ఇది నూనా, నీళ్లా? తీగే సాగట్లేదు!" రెండోది రుద్దాడు. చిక్కగా, బంకగా, బెల్లంపాకంలా తీగ సాగింది. "ఇదీ నూనంటే! నీ దాని మీద ఏటుంది, ఐదు, ముప్పై. దీని మీద? ఇరవై, యాభై. ఏది పెద్దదే?" అని గర్వంగా చూశాడంట.

వరాలు నవ్వలేదు. "నూనె మార్చి ఎన్నాళ్లయింది మావా?" "ఏడాదిన్నర. అయితే ఏటి? తిరిగింది మూడువేల కిలోమీటర్లే. డబ్బా మీద పదివేలని రాసుంది కదా." అప్పుడా పిల్ల వేసిన లెక్క వినండి. "మూడువేలని నాలుగుతో భాగించు. ఏడొందల యాభై. ఏడొందల యాభై సార్లు దాన్ని చలిలో నిద్దర్లేపావు. ఒక్కసారన్నా ఒళ్లు వెచ్చబడనిచ్చావా? నూనె బాగా కాగాలంటే ఇరవై నిమిషాలు పడతాది. నువ్వు పది నిమిషాలకే ఆపేస్తావు." అని ఇంజను మీద నూనె పోసే మూత తిప్పి తీసి చేతికిచ్చింది.

ఒలమ్మ! మూత అడుగున తెల్లగా, మజ్జిగ మీద వెన్న తేలినట్టు పేరుకునుందంట! కొట్లో ఉన్నోళ్లంతా మూగారు. ఒకడు పెరుగన్నాడు. ఒకడు, ఎవరో గిట్టనోళ్లు ఏదో చేయించారు గౌరీసూ, నిమ్మకాయ కట్టు అన్నాడు. ఇనప ఇంజను కడుపులో వెన్నెవరు చిలికారు? తెలీకుండానే గౌరీసు చెయ్యి దాని మీదకెళ్లింది. రుద్దాడు. కళ్లు మూసుకున్నాడు. తాతల వేళ్లు కదా, అవి చెప్పాయి. "నీళ్లు. నూనెలో నీళ్లు కలిసాయే" అన్నాడు మెల్లగా. "అంతే మావా. చల్లటి ఇంజనులో ఆవిరి నీరవుతాది. కాగితేనే పోతాది." గౌరీసు నెత్తి కొట్టుకున్నాడంట. ఎందుకంటారా, గానుగ నూనె జాడీకెత్తే ముందు మూడెండలు ఎండబెట్టాలని ఊరందరికీ చెప్పింది అతనే. చెమ్మ పోని నూనె పాడవుతాదని చెప్పిన మనిషి, కారు నూనెకి ఏడాదిన్నర ఎండ చూపించలేదు.

అయినా వేళ్ల మాట తీసెయ్యలేకపోయాడు. "మరి పల్చందెలా మేలు?" అన్నాడు. నన్ను నమ్మొద్దు, రెండూ పట్టుకెళ్లి రేత్రంతా వాకిట్లో మంచులో పెట్టు, పొద్దున్నే వస్తాను అంది వరాలు. అన్నట్టే వచ్చింది. రేకు ముక్క ఏటవాలుగా ఆనించి, రెండు నూనెలూ చెరో గరిటె ఒక్కసారే పోసింది. ఒకటి, రెండు, మూడు... ఐదనేలోపు పల్చటిది రేకు దిగి నేల తాకింది. చిక్కటిదో? ఇరవై లెక్కెట్టినా జానెడు కదల్లేదు. "డబ్బా మీద ముందంకె, ఆ ఐదు, చలి మాట మావా. అదెంత చిన్నదైతే ఇంజను అంత వేగం లేస్తాది. వెనకంకె వేడి మాట. ఇది కాగినా మరీ నీళ్లైపోదు, ముప్పై దగ్గర నిలబడతాది." చలికి గడ్డకట్టదు, వేడికి జారిపోదు. ఇలాంటి నూనె ఏ గానుగలో ఆడారే తల్లీ అని గౌరీసు రెండు చేతులూ జోడించాడంట, డబ్బాకి! ఆ పూటే పాతదంతా తీయించి కొత్తది పోయించాడు. ఇకనించి కిలోమీటర్లు చూడకు, ఆర్నెల్లకోసారి మార్చు, వారానికోసారి అరగంట ఆపకుండా తిప్పు అని చెప్పి పోయింది వరాలు.

నాలుగో రోజు తెల్లారగట్ల రాజులుకి నొప్పులొచ్చాయి. చెయ్యి చాపితే చెయ్యి కనపడనంత మంచు. అప్పలకొండ పిల్లని వెనక సీట్లో పడుకోబెట్టి దేవుళ్లందర్నీ పిలుస్తాంది. గౌరీసు తాళం పట్టుకున్నాడు. తిప్పాడు. సగం తిప్పాడో లేదో, లేచింది! మూలుగు లేదు, దగ్గు లేదు. పదో నిమిషానికి డాక్టరమ్మ గుమ్మంలో ఉన్నారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

అయిపోలేదు, కూచోండి. తల్లీబిడ్డని ఇంటికి తెచ్చే రోజు కారు మన కొండ మలుపు దాటి తిన్నగా పోతాందంట. "ఏటయ్యా, ఇల్లిటు!" అని అరిచింది అప్పలకొండ. "ఊరుకోవే, నూనె ఎండబెడతన్నాను." పచ్చిబాలింతని పెట్టుకుని ఇరవయ్యైదు కిలోమీటర్లు చుట్టు తిప్పి తెచ్చాడు మహానుభావుడు! దారి పొడుగునా పెళ్లాం తిట్టింది, కూతురు నవ్వింది, పిల్ల మాత్రం కన్ను తెరవలేదు. ఆనాటి పసిపిల్లెక్కడుందంటారా? అదిగో, ఆ చివర కూచుంది చూడండి. ఇందాకట్నించీ కథ వినకుండా పకోడీకంటిన నూనె రెండు వేళ్ల మధ్య వేసుకుని రుద్దుకుంటాంది.