అమ్మ వాసన

అలెగ్జాండ్రియాలో బడి వదిలే వేళ. మాటలు రాని పిల్లల కోసం పెట్టిన గది మూసుంది. తలుపు ముందు ఒక తల్లి, ఆ గది టీచరు నిలబడి మాట్లాడుకుంటున్నారు.

"మా హనీన్ ఇవాళ అల్లరి చేసిందా మిస్?"

"అల్లరా! బంగారు తల్లి, పొద్దుటి నుంచీ కుర్చీలోంచి లేస్తే ఒట్టు."

"ఇంట్లో ఒక్క క్షణం కూర్చోదు. ఏం మందు పెట్టారు మిస్?"

"మందూ లేదు మాకూ లేదు. అమ్మ వాసన దగ్గరుంటే కుదురుగా ఉంటుందని మీ హిజాబు అడిగి తీసుకున్నానుగా, అదే!"

"అందుకే ఉతక్కుండా పంపాను."

"రేపు ఇంకాస్త పొడుగుది పంపండి హనీన్ అమ్మగారూ."

"వాసనకి పొడుగెందుకు మిస్?"

"పిల్ల ఎదుగుతోంది కదమ్మా."

"నిన్న ట్రాముకి వెళ్దామని హిజాబు చేతిలోకి తీసుకున్నాను. అది చూడగానే హనీన్ పరుగున పోయి కుర్చీలో కూర్చుంది."

"చూశారా, ఎంత బుద్ధొచ్చిందో!"

"కూర్చుని, చేతులు రెండూ తనంతట తనే కుర్చీ వెనక్కి పెట్టింది మిస్."

"పిల్లలకి ఏవో ఆటలు..."

"గంట కొట్టి చాలాసేపైంది. మిగతా పిల్లలంతా వెళ్లిపోయారు. నా పిల్ల ఏది?"

"మీరిక్కడే ఉండండమ్మా. ముందు నేనొక్కదాన్నే లోపలికెళ్లి వస్తాను."