గోడకి అటో రోలు, ఇటో రోలు

అక్రా ఊళ్ళో ‘గా’ అనే తెగవాళ్ళ పాత వాడ. పండగ ముందు, చప్పుళ్ళు నిషేధించే నెల. సాయంత్రం. అద్దె వాటా వాకిట్లో కుమాసీ నుంచి కాపరానికొచ్చిన పోకువా రోకటితో దంచుతోంది. గుమ్మంలో ఇంటావిడ అజేలే.

“ఆపమన్నానా? ఆపవే! చెవుల్లో ఏం పోసుకున్నావ్?”

“వినపడింది అజేలే అమ్మా. ఇంకాస్తే, అయిపోతుంది.”

“ఇంకాస్తా లేదు, మరికాస్తా లేదు. రోకలి కింద పెట్టు. ఇది ఏ నెలో తెలుసా? పూజారులు విత్తనం చల్లి ఊరి నోరు కట్టేసిన నెల. డప్పు లేదు, డోలు లేదు. చర్చివాళ్ళు కూడా చప్పట్లు మానేసి గుసగుసగా పాడుకుంటున్నారు. నువ్వొక్కదానివి మాత్రం పొద్దుగూకేసరికి మొదలుపెడతావ్.”

“ఇది డప్పు కాదుగా. రోలు.”

“చప్పుడు చప్పుడే!”

“మీ దేవుడికి డప్పుకీ రోలుకీ తేడా తెలీదా? మా ఊరు పంపించండి, నేర్పించి పంపిస్తాం.”

“ఓసి నీ నోరు పడ! మొన్న మూల మీద మందు కొట్టువాడి స్పీకరు ఎత్తుకుపోయారు పూజారి మనుషులు. రేపు నా ఇంటి మీదకొస్తే? జరిమానా గొర్రెని ఇమ్మంటే? నువ్విస్తావా గొర్రెని?”

“వస్తే నన్ను చూపించండి. నేను మాట్లాడతా.”

“ఏం మాట్లాడతావ్?”

“ఆకలికి కూడా నిషేధం పెట్టారా అని అడుగుతా.”

“అడుగుతావే, అడుగుతావ్. ఇల్లు నీది కాదుగా. నీ ఒక్కదాని గోల చాలదని గోడవతల ఆవిడ! మీ ఆడపడుచు బిరాగో. ఆవిడ ఎత్తితే నువ్వు దించుతావ్, నువ్వు ఎత్తితే ఆవిడ దించుతుంది. మధ్యలో నా గోడ. బీటలిచ్చింది చూడు, అదిగో.”

“ముందు ఆవిణ్ణి ఆపమనండి. ఆవిడ ఆపితే నేనూ ఆపుతా.”

“ఆవిణ్ణడిగితే ముందు నిన్నాపమంది!”

“చూశారా మరి!”

“ఏం చూశారా? ఇద్దరికీ పిచ్చి. ఏమే, గుమ్మం ముందే నా కెంకే బుట్ట ఉందా లేదా? మొక్కజొన్న పిండి పులవబెట్టి, పొత్తు ఆకుల్లో చుట్టి ఉడికించి, వేడివేడిగా దించుతున్నానా లేదా? పక్కన వేయించిన చేప, మిరపకాయ నూరుడు. వాడంతా కొనుక్కు తింటున్నారు. టీచరమ్మ తింటోంది, పాస్టరు తింటున్నాడు. ఒక ముద్ద కొనుక్కుని, తిని, ఆకు పారేసి పడుకోక, ఈ దంచుకోవడమేంటే? కర్మ కాకపోతే!”

“కొనుక్కు తినేది మా వైపు ఇద్దరే. ఒకడు బాటసారి, రెండోవాడు పెళ్ళాం పోయినవాడు.”

“ఏమన్నావ్?”

“ఉన్నమాటే అన్నా. కుమాసీలో పొద్దుగూకితే వాకిట వాకిట్లో రోకలి లేస్తుంది. ఏ ఇంట్లో లేవలేదో తెల్లారేసరికి ఆ ఇంటికొస్తారు, ఎవరికి బాలేదు, ఏం గొడవయింది అని.”

“మీకేం పనుల్లేవు కాబోలు. కర్రపెండలం, అరటికాయ ఉడకేసి, అంతా దంచి ఆ ఫుఫూ ముద్ద నమలనైనా నమలరాయె, గుటుక్కున మింగడమే. దేవుడు పళ్ళిచ్చింది ఎందుకట?”

“కెంకే అమ్మేవాళ్ళని చూసి ఇకిలించడానికి.”

“హమ్మ హమ్మ! అద్దెకిచ్చిందే నా తప్పు. పోన్లే పోకువా, ఒక సంగతి చెబుతా విను. నా మొగుడు వాళ్ళ నాన్న ఇంట్లో ఉంటాడు. నేను మా అమ్మ ఇంట్లో. మాలో అంతే. సాయంత్రానికి మా చిన్నదాని చేత రెండు ముద్దలూ ఒక చేపా పంపిస్తా. ఏ ముద్దలు? బుట్టలోవే. ఊరికి అమ్మేవే. ‘నాకు విడిగా వండలేదేం’ అని ఏనాడైనా అన్నాడా? అనడు. అంటే ఆ ముద్దలూ ఉండవు.”

“మీ పెళ్ళిళ్ళు మీవి అమ్మా. మావి మావి.”

“ఏం, మీ పెళ్ళిళ్ళు రోట్లో పుట్టాయా?”

“పుట్టలేదు గానీ, అందులోనే బతుకుతాయి.”

“అబ్బో! సరే, ఇంతకీ పులుసేదే?”

“ఏం పులుసు?”

“ఏం పులుసంటావేంటే? ఉత్త ముద్దే మింగుతారా? వాకిట్లో పులుసు వాసనే లేదు. పొయ్యిలోంచి పిల్లి లేవలేదు నీ ఇంట్లో. నిజంగానే పడుకునుంది, చూడు!”

“పొద్దున్నే కాచి పెట్టేశా.”

“పొద్దున నువ్వు నా పంపు దగ్గర బట్టలుతుకుతున్నావ్.”

“అంతకంటే ముందు.”

“ఊఁ. మరి రోటి మీద గుడ్డెందుకు కప్పావ్ ఇప్పుడు?”

“ఈగలు.”

“దంచేటప్పుడు లేని ఈగలు నేను దగ్గరికొస్తే వచ్చాయా?”

“మీతోనే వచ్చాయేమో. కెంకే వాసనకి.”

“మాట తప్పించకు. మీవాళ్ళు దంచేటప్పుడు ఒకళ్ళు రోకలి వేస్తుంటే ఇంకొకళ్ళు రోట్లో చెయ్యి పెట్టి ముద్ద తిప్పాలి. నేను చూడలేదనుకున్నావా? నీకు తిప్పేదెవరు?”

“నేనే తిప్పుకుంటా.”

“రెండు చేతులా రోకలి పట్టుకుని, మూడో చెయ్యి ఎక్కణ్ణించి తెచ్చావే? జరుగు.”

“అమ్మా, వద్దు. ముట్టుకోకండి. అది, అది ఇంకా మెత్తబడలేదు. అమ్మా!”

“ఇదేంటే… గోనెపట్ట! తడి గోనెపట్ట! కర్రపెండలం ముక్కేదీ? అరటికాయేదీ? ఓసి పిచ్చిదానా, గోనెని దంచుతున్నావా ఇన్నాళ్ళూ?”

“మెల్లిగా! మీకు దండం పెడతా, మెల్లిగా అనండి. ఆవిడ వింటుంది.”

“ఎవరూ?”

“ఇంకెవరు? వదిన. ఎవరి కోసం దంచుతున్నాననుకున్నారు?”

“కూర్చో. ముందు ఆ రోకలి వదిలేసి కూర్చో. చేతులు చూడు, బొబ్బలు! ఏం జరిగిందే?”

“ఏం జరగలేదు. ఆయన ఇంట్లో తినడం లేదు.”

“అంతేనా?”

“అంతేనా అంటారేంటి! ఈస్టరుకి కుమాసీ వెళ్ళొచ్చామా, అప్పట్నుంచి నా ముద్ద ముట్టుకోలేదు. ఆ బళ్ళ విడిభాగాల బజార్లో పనయ్యాక అక్కడే ఏదో తినేసి వస్తాడు. ‘బస్సులు కదలవు, ఇంటికొచ్చేదాకా కడుపు ఆగదు పోకువా’ అంటాడు. నవ్వుతాడు కూడా. మొదట్లో రోజూ నిజంగానే దంచా. గిన్నె ముందు పెట్టా. మూత తీసి చూడకుండా పడుకున్నాడు. తెల్లారి మేకలకి వేశా. ఎన్నాళ్ళని మేకలకి దంచను?”

“వేరే ఆడదుందా?”

“అదీ అనుకున్నా. ఒకరోజు వెనకాలే వెళ్ళా. ఆడదీ లేదు, ఏమీ లేదు. ఒక పొడుగు బల్ల. దాని మీద వరసగా మగాళ్ళు. అందరికీ పులిసిన పిండి ముద్దా, బెండకాయ పులుసూ. ఎదురుగా టీవీలో ఫుట్‌బాలు. నా మొగుడు అంతలా నవ్వడం పెళ్ళయ్యాక చూడలేదు. ఆడదయితే జుట్టు పట్టుకుందును అజేలే అమ్మా. బల్లని ఏం పట్టుకోను?”

“ఓస్, ఇంతేనా! దీనికా ఈ ఏడుపు? మా వాళ్ళలో అయితే, ఇంట్లో తినలేదని పెళ్ళి చెడాలంటే ఈ వాడలో ఒక్క కాపరం మిగలదే.”

“అందుకే చెప్పా, మీవి మీవి, మావి మావి అని. మాలో మగాడు పెళ్ళాం తిండి మానేశాడంటే పెళ్ళాన్ని మానేసినట్టే. నోటితో అననక్కర్లేదు. ముద్ద తిరగ్గొడితే చాలు. ఈ మాట కుమాసీ చేరిందో, రెండు వైపులా పెద్దలు కూర్చుంటారు. పెళ్ళికి వాళ్ళు తెచ్చిన మందు సీసాని మావాళ్ళు తిరిగిచ్చేస్తారు. అంతే. తెంపేసినట్టే.”

“కుమాసీకి ఎవరు మోస్తారే?”

“గోడవతల ఉందిగా! ప్రతి ఆదివారం మా అత్తకి ఫోను. తమ్ముడు ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, చిక్కాడా, ఒళ్ళు చేశాడా. పెళ్ళి చూపులప్పుడే అంది, ‘నా తమ్ముడికి మెత్తటి ముద్ద కావాలి, నీ చేతుల్లో బలముందా’ అని. ఆవిడకి ఒక్క సాయంత్రం నా రోలు వినపడకపోతే చాలు.”

“అందుకని గోనె.”

“ఉత్త రోట్లో దంచితే కర్ర మీద కర్ర పడి టకటకలాడుతుంది. మా వాళ్ళెవరైనా పట్టేస్తారు. తడి గోనె మడిచి వేస్తే మెత్తగా, ముద్ద మీద పడ్డట్టే ఉంటుంది.”

“ఏం తెలివే తల్లీ! నాకైతే ఏడవాలో నవ్వాలో తెలీడం లేదు. మరి ఆవిడ మొగుడు?”

“అదృష్టవంతురాలు. ఆయన తినంది నిద్రపోడట. పంపు దగ్గర రోజూ చెబుతుంది, నిన్న పల్లీల పులుసు, మొన్న మేక మాంసం పులుసు, రెండోసారి వడ్డించానూ అని. నా మొహంలోకి చూసి మరీ చెబుతుంది.”

“అంత వండితే ఒక్క గిన్నె నీకు పంపిందా?”

“ఎందుకు పంపుతుంది? నేను అడిగేలా చేద్దామని చూస్తోంది. అడగను. చచ్చినా అడగను.”

“చూడు పోకువా, నా మాట విను. ఈ గోనె తీసి నా బుట్ట కింద పరుస్తా. నువ్వు హాయిగా…”

“ఇటివ్వండి.”

“పిచ్చిపిల్లా, ఎవడూ తినని దాన్ని…”

“ఇటివ్వండంటున్నా! పూజారి రానీ, పూజారి బాబు రానీ. నా రోలు ఆగదు. ఆయన తినకపోతే తినకపోనీ. నా చేతిలో సత్తువ లేదని మాత్రం ఎవరి చేతా అనిపించుకోను.”

“పోకువా! ఓ పోకువా! ఏం మరదలా, ఉలుకూ పలుకూ లేదు?”

“అమ్మో, వదినే! కప్పండి. గుడ్డ కప్పండి రోటి మీద!”

“కప్పా, కప్పా. రామ్మా బిరాగో, రా. ఏంటిలా వచ్చావ్?”

“మీరూ ఇక్కడే ఉన్నారా అజేలే అమ్మా. ఏం లేదు, దీని రోకలి సగంలో ఆగిపోయింది. ఎప్పుడూ అలా ఆగదే అని చూద్దామని వచ్చా.”

“నేనే ఆపించా. నిషేధం కదా.”

“మీరు రోజూ ఆపమంటారు. ఇది ఏనాడు ఆపింది గనక? ఏం పోకువా, ఒంట్లో బాలేదా?”

“బానే ఉన్నా.”

“మరి మొహం అలా ఉందేం? మా తమ్ముడొచ్చాడా?”

“రాలేదు.”

“తిన్నాడా అయితే?”

“రాలేదన్నా కదా వదినా. రానివాడు ఎలా తింటాడు?”

“నిన్న?”

“తిన్నాడమ్మా, తిన్నాడు. నేను చూశాగా! నిన్న ఇక్కడే కూర్చుని ఇంత ముద్ద…”

“వద్దు అజేలే అమ్మా. మీరు నా కోసం అబద్ధాలాడొద్దు. చాలు.”

“నువ్వూరుకోవే!”

“ఊరుకోను. వదినా, విను. తినలేదు నీ తమ్ముడు. నిన్నా తినలేదు, మొన్నా తినలేదు. ఈస్టరు నుంచీ నా చేతి ముద్ద ముట్టుకోలేదు. ఇదిగో, గుడ్డ తీస్తున్నా, చూడు. బాగా చూడు. గోనెపట్ట. నీకు వినపడాలని దీన్ని దంచుతున్నా. చూశావుగా? ఇంక ఫోను తియ్. ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే చెయ్ మీ అమ్మకి.”

“పోకువా…”

“పెద్దల్ని కూర్చోమను. సీసా తిరిగిచ్చెయ్యమను. నేనే పట్టుకొచ్చి మీ గుమ్మంలో పెడతా. కానీ ఒక్క మాట నేనూ అడుగుతా ఆ పెద్దల్ని. మీ ఇంటి పరువు కోసం ముద్ద లేని రోట్లో రోకలి వేసింది నేను. చేతులు బొబ్బలెక్కింది నాకు. బల్ల మీద కూర్చుని నవ్వుకుంటూ తిన్నది వాడు. మరి తప్పు నా రోటిదెలా అయింది? చెప్పమను. ఒక్కడైనా నా మొహం చూసి చెప్పమను!”

“అరవకే.”

“అరుస్తా!”

“మెల్లిగా మాట్లాడవే, మా వైపు వినపడుతుంది. నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“వాడు తినడం లేదని. గోనె సంగతీ తెలుసు. మొదటి సాయంత్రమే తెలుసు.”

“ఆయన చెప్పాడా?”

“వాడెందుకు చెబుతాడు? నీ రోటి చప్పుడే చెప్పింది.”

“తడిపి వేశానుగా!”

“తడిపావులే. బాగానే తడిపావు. ఇంకెవరూ పోల్చుకోలేరు.”

“మరి నువ్వెలా పోల్చావ్? అత్తయ్యకి చెప్పేశావా?”

“చెప్పలేదు.”

“తెలిసీ చెప్పలేదా? నువ్వా? ఎందుకు వదినా? అజేలే అమ్మా, చూడండి, తల దించుకుంటోంది. మాట్లాడు వదినా! ఇంత తెలిసినదానివి, ఇప్పుడు మాత్రం ఎందుకొచ్చావ్?”

“ఎందుకంటే… ఏం లేదే. నీ దగ్గర ఇంకో గోనెపట్ట ఉంటే ఇస్తావా? నా రోట్లోది చిల్లులు పడిపోయింది.”