చిటికెడు ముతక ఇసుక

చేపల తొట్లమ్మే దుకాణంలో, రెండు రకాల ఇసుక బస్తాల ముందు ఆ భార్యాభర్తలు అరగంటగా నిలబడి ఉన్నారు.

"మన ఉప్పునీళ్ల తొట్టికి ఈ ముతకదే తీసుకుందాం. సన్నదాంట్లో సగం ధర."

"మన చేప ఇసుకని నోటినిండా తీసుకుని, తిండి ఏరుకుని, మిగతాది మొప్పల్లోంచి వదిలేస్తుందండీ. ఈ ముతకదైతే మొప్పలు గీరుకుపోవూ?"

"నీదంతా చాదస్తం. చేపకేం తెలుస్తుంది?"

"అయితే ఓ చిటికెడు మీరే నోట్లో వేసుకుని చెప్పండి."

"వేసుకుంటా. నాకేం భయమా?"

"నమలండి మరి."

"థూ! థూ! సరే, సన్నదే కొందాం. కానీ రెండు బస్తాలంటే మన వల్ల కాదు."

"రెండెందుకు? రెండు వేళ్ల మందాన పరిస్తే ఒక్కటే సరిపోతుంది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! కాసిని నీళ్లియ్యి."

"మంచినీళ్లా, మన చేప తాగేవా?"